తాతగారి హెరాల్డ్‌కి టాపు లేదు, ఆర్‌సీలో మాత్రం సెలూన్ అని ఉంది. ఏం చేయాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా తాతగారి స్టాండర్డ్ హెరాల్డ్ కారు 1966లో కాకినాడలో రిజిస్టర్ అయింది, ఇప్పుడు మా ఇంటి వెనక షెడ్డులో ఉంది. ఎనభైల్లో ఆయనే టాపు తీయించి కాన్వాస్ హుడ్డు పెట్టించారంట. ఆయన 1998లో పోయారు, వీలునామా ఏమీ లేదు. మా నాన్నగారు ఉన్నారు. ఆర్‌సీ బుక్కు సగం చెదలు తినేసింది, మిగిలిన దాంట్లో బాడీ సెలూన్, అంటే టాపు ఉన్న కారు, అని కనపడుతోంది. నేను మెకానిక్‌ని కాదు, వీడియోలు చూసి నేర్చుకుంటూ ఇంజిన్ దింపాను, అది పట్టేసింది. ఒకాయన వేరే హెరాల్డ్ ఇంజిన్ చవగ్గా ఇస్తానంటున్నాడు కానీ కాగితాలు లేవంటున్నాడు. ఓపెన్ టాప్‌గానే ఉంచి వింటేజ్ (పాతకాలపు బండి) నంబరు తెచ్చుకోవచ్చా? రెడీ అయ్యాక రాత్రిపూట గోదావరి గట్టు మీద ఒకసారి టెస్ట్ డ్రైవ్ చేస్తే ఇబ్బందా? పక్కింటివాళ్లు గ్రైండర్ చప్పుడు అని గొడవ చేస్తున్నారు, మున్సిపాలిటీకి చెప్తామంటున్నారు.

సమాధానం: ముందు ఒక మాట, ఇప్పటిదాకా మీరు చేసిన దాంట్లో తప్పేం లేదు. ఇంటి కారుని ఇంటి షెడ్డులో విప్పుకోడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, మెకానిక్ అవ్వాల్సిన పని కూడా లేదు. కానీ ఇక్కడి నుంచి వేసే అడుగుల్లో రెండు మూడు చోట్ల జాగ్రత్తగా ఉండకపోతే ఎంతో కష్టపడి తయారు చేసిన కారు షెడ్డు గుమ్మం దాటదు. అందుకని కొన్నాళ్లు వెల్డింగూ కటింగూ ఆపండి, ఈలోపు కాగితాల పని మొదలుపెట్టండి.

అసలు ఆ కారు ఎవరిది? మీది కాదండి, ఇంకా కాలేదు. తాతగారు వీలునామా రాయకుండా పోయారు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా వస్తుంది, కారు కూడా ఆస్తే. మీ నాన్నగారు ఉన్నారు కాబట్టి మనవడిగా మీకు నేరుగా వాటా రాదు. మీ మేనత్తలకి మాత్రం ఉంటుంది, పెళ్లయి వెళ్లిపోయారు కదా వాళ్లకేం సంబంధం అనుకునే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి, అది తప్పు. మేనత్తల్లో ఎవరైనా పోయి ఉంటే వాళ్ల వారసుల సంతకాలు కావాలి. "తుప్పు పట్టిన ఇనుమే కదా తీసుకోరా" అని ఇప్పుడు అందరూ అంటారు, రంగు వేసి మెరిసిపోతున్న హెరాల్డ్ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాక లెక్కలు మారతాయి, నేను చూసిన గొడవల్లో సగం అక్కడే మొదలయ్యాయి. కదిలే ఆస్తి కాబట్టి చట్టప్రకారం నోటితో ఇచ్చేసి వస్తువు అప్పగిస్తే గిఫ్ట్ పూర్తయినట్టే, రిజిస్ట్రేషన్ చేయించాల్సిన పని లేదు, కానీ ఆర్‌టీవో ఆఫీసులో నోటి మాట చెల్లదు. మాకు అభ్యంతరం లేదు, బండి ఫలానా వాళ్ల పేరు మీదకి మార్చండి అని స్టాంపు పేపరు మీద అందరి చేతా నోటరీ అఫిడవిట్ తీసుకోండి. తాతగారి డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఫారం 31, ఇవన్నీ కలిపి ముందు నాన్నగారి పేరు మీదకి మార్పించండి. ఓనరు పోయిన మూడు నెలల్లో పెట్టాల్సిన అప్లికేషన్ అది, పాతికేళ్లు దాటింది కాబట్టి లేటు రుసుం కట్టాల్సి వస్తుంది. తర్వాత కావాలంటే ఫారం 29, 30తో మీ పేరు మీదకి తెచ్చుకోవచ్చు కానీ నా మాటకొస్తే నాన్నగారి పేరు మీదే ఉంచండి, మీరు నడుపుకోడానికి అడ్డం ఏముంది.

చెదలు తిన్న ఆర్‌సీని పారేయకండి, లామినేషన్ చేయించొద్దు కూడా. ఉన్న ముక్కలన్నీ ఒక కవర్లో పెట్టి ప్రతి పేజీ ఫోటో తీయండి. అది చేతిరాత పుస్తకం, పాత మూడక్షరాల నంబరు, ఆన్‌లైన్‌లో కొడితే ఏమీ రాకపోవచ్చు. అందుకని కాకినాడ ఆఫీసులో పాత రిజిస్టరు ఎంట్రీ కోసం రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. డూప్లికేట్ ఆర్‌సీకి ఫారం 26. పాత టాక్స్ రసీదులు, ఇన్సూరెన్స్ కాగితాలు, తాతగారు కారు పక్కన నిలబడ్డ ఫోటోలు, ఏవి దొరికితే అవి దాచండి. ఫోటోల సంగతి ఎందుకు చెప్తున్నానంటే అసలు చిక్కు టాపు దగ్గర ఉంది.

హెరాల్డ్ ఇంగ్లండు ట్రయంఫ్ వాళ్ల డిజైను, మన దగ్గర మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారు చేశారు. దానికి కింద ఛాసిస్, అంటే ఇనుప చట్రం, విడిగా ఉంటుంది, బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది, టాపు కూడా అంతే. అందుకే అప్పట్లో సెలూన్ కొనుక్కుని టాపు ఊడదీయించి ఓపెన్ కారు చేయించుకున్నవాళ్లు చాలామంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ చట్టం చూసేది ఆర్‌సీలో ఏం రాసి ఉందీ, బండి ఎలా ఉందీ, రెండూ కలుస్తున్నాయా లేదా అని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, బండి నిర్మాణం మారి దాని ప్రాథమిక స్వరూపమే మారిపోతే దాన్నే మార్పు అంటారు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది, రంగు మార్చుకోవడం లాంటివి వేరు, నిర్మాణం మార్చడం వేరు అని. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకుంటే సరిపోతుంది. సెలూన్‌ని ఓపెన్ కారు చేయడం రంగు మార్చడం లాంటిది కాదు.

మరి తాతగారు చేయించిన దానికి మీ మీద కేసు పెడతారా అంటే పెట్టలేరు. అనధికార మార్పుకి ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా లేదా రెండూ, అని చెప్పే 182ఎ సెక్షన్ అదే చట్టంలోకి 2019 సవరణతో వచ్చింది, ఎనభైల్లో జరిగిన పనికి దాన్ని వెనక్కి లాగి శిక్షించడం రాజ్యాంగం 20వ అధికరణం ఒప్పుకోదు. కానీ మీరు ఇప్పుడు కొత్తగా కోసి వెల్డింగ్ చేసి హుడ్డు ఫ్రేము బిగిస్తే అది మీరు చేసిన మార్పు అవుతుంది, అక్కడ తాతగారి పేరు అడ్డం రాదు.

వింటేజ్ సంగతికొస్తే, కేంద్రం 2021 జులైలో రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బండి అయ్యుండాలి, ఆ లెక్కన మీది సరిపోతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోడానికి 5,000. కొత్తగా ఇచ్చే నంబర్లలో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఇప్పటికే రిజిస్టర్ అయిన బండికి పాత నంబరు ఉంచుకోవచ్చు. మీ మూడక్షరాల నంబరు పోగొట్టుకోకండి, ఆ కారు అందంలో సగం అదే. కానీ షరతు చూడండి, బండి ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు జరిగి ఉండకూడదు. టాపు లేని సెలూన్ ఈ షరతు దగ్గరే ఆగిపోతుంది. బోల్టులు విప్పితే వచ్చే టాపు కాబట్టి బాడీ షెల్ మారలేదు అని వాదించొచ్చు, నేనైతే వాదిస్తా కూడా, కానీ బండిని చూసి తేల్చేది అధికారులు, గెలుస్తామని మాటివ్వలేను.

కాబట్టి రేపు పొద్దున్నే ఒక పని చేయండి. ముందు అద్దం ఫ్రేము పై అంచు, వెనక సీటు వెనకాల రేకు, ఈ రెండు చోట్లా తుప్పూ పుట్టీ గీకి చూడండి. పాత బోల్టు రంధ్రాలు అలాగే ఉన్నాయా, లేక హుడ్డు కోసం రేకు కోసి కొత్త పట్టీలు అతికించారా? రంధ్రాలు ఉంటే పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఫోటోలు తీయండి, మీ అదృష్టం బాగున్నట్టే. తర్వాత ఆ టాపు వెతకండి, అటక మీదో, గొడ్లపాకలోనో, తాతగారి పాత డ్రైవరు ఇంట్లోనో. రేకు టాపులు మన ఊళ్లలో అంత తొందరగా ఎవరూ పారేయరు, కోళ్లగూటి మీద కప్పు అయినా అయ్యుంటుంది. దొరక్కపోతే ఇంకో హెరాల్డ్ టాపు కొనండి, బిల్లుతో. టాపు బిగించి సెలూన్‌గా ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్లడమే నా సలహా. ఓపెన్ కారు మోజు మీకు ఉందని తెలుసు కానీ ఉన్న దారుల్లో ఇదే భద్రం. ఒకవేళ కాకినాడ రిజిస్టర్లో బాడీ కన్వర్టిబుల్ అని తాతగారు తర్వాత మార్పించుకున్న ఎంట్రీ ఏదైనా దొరికితే కథ మారుతుంది, అందుకే ఆ రిజిస్టరు ముందు చూడమంటున్నా.

వింటేజ్‌లో ఇంకో విషయం, ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడం కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు కొట్టించుకోడం, రిపేరు, ఇలాంటివాటికే రోడ్డెక్కాలి, కిరాయికి అస్సలు తిప్పకూడదు. పెళ్లి ఊరేగింపులకి అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందాం అని ఎవరన్నా చెప్తే వినకండి. మామూలుగా తిరగాలంటే ఫారం 25తో రెన్యువల్ చేయించుకోవాలి, ఐదేళ్లు ఇస్తారు. ఆ ఫీజులు 2022లో ఒకసారి, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకోసారి బాగా పెరిగాయి, పైగా లేటుకి నెలకి 500 చొప్పున అదనం అనే రూలు ఉంది, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరే. ఎంతవుతుందో ఆఫీసులో లెక్క వేయించుకున్నాకే ఏ దారో తేల్చుకోండి.

ఆ కాగితాల్లేని ఇంజిన్ మాత్రం వద్దు, ఎంత చవకైనా వద్దు. ఆ బ్లాకు మీద నంబరు ఎక్కడో ఒక ఆర్‌సీలో ఉంటుంది, ఆ బండి దొంగతనం కేసులో ఉంటే? దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది, "కాగితాలు లేవు, చవగ్గా ఇస్తా" అన్న మాటే ఆ కారణం అవ్వొచ్చు. ఇంజిన్ మార్చాలంటే ముందు ఆర్‌టీవో పర్మిషన్ కావాలి, లేకుండా మార్చేస్తే 14 రోజుల్లో చెప్పుకోవాలి, అమ్మినవాడి బిల్లు, ఆ బండి ఆర్‌సీ వివరాలు అడుగుతారు. కొంతమంది మారుతి ఇంజిన్ పెట్టేయ్ సాఫీగా పోతుంది అంటారు, అలా చేస్తే వింటేజ్ ఆశ అక్కడితో సరి.

మీ పాత ఇంజిన్ పట్టేసిందన్నారు కదా, ఏళ్ల తరబడి నిలబడ్డ బండికి పిస్టన్లు పట్టేయడం మామూలే, మంచి లేత్ వర్క్‌షాప్‌లో సిలిండర్లని తొలిచి సాపు చేసే రీబోరింగ్ చేయించండి. ఇచ్చేముందు బ్లాకు మీద నంబరుని శుభ్రంగా తుడిచి పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి, ఛాసిస్ ప్లేటుకీ అలాగే. వర్క్‌షాప్ బిల్లు మీద ఇంజిన్ నంబరు రాయించండి. బ్లాకుకి గ్రైండింగో శాండ్ బ్లాస్టింగో చేస్తూ ఆ అంకెలు చెరిపేస్తే రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగే ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉండదు. అంకెలు సరిగా కనపడట్లేదని మీరే పంచ్ కొట్టుకోవడం అంతకన్నా ప్రమాదం, ఏ ఉద్దేశంతో కొట్టినా చూసేవాళ్లకి దొంగ బండిలాగే కనపడుతుంది. పనయ్యాక కూలీ ఇవ్వకపోతే వర్క్‌షాపువాడు ఇంజిన్ ఇవ్వకుండా ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170 సెక్షన్‌లో ఉంది, అందుకని రేటు ముందే కాగితం మీద మాట్లాడుకోండి.

రాత్రిపూట గట్టు మీద టెస్ట్ డ్రైవ్, వద్దు. జనం వెళ్లే హక్కున్న ఏ దారైనా చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే, రాత్రి రెండింటికి ఎవరూ లేకపోయినా సరే. రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేకపోతే మొదటిసారి 2,000 నుంచి 5,000, ఇన్సూరెన్స్ లేకపోతే ఇంకో 2,000 లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ. జరిమానాలు ఎలాగోలా కట్టొచ్చు కానీ కొత్తగా బిగించిన బ్రేకులు పట్టక ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మొత్తం ఓనరు సొంత జేబులోంచి కట్టాలి, ట్రిబ్యునల్ లక్షల్లో వేస్తుంది, ఆ రోజు ఓనరు అంటే మీ నాన్నగారు. ఇంటి కాంపౌండ్‌లో గేటు వేసుకుని ముందుకీ వెనక్కీ నడపండి, ఇన్‌స్పెక్షన్‌కి టోయింగ్ బండి మీద ఎక్కించి తీసుకెళ్లండి.

పక్కింటివాళ్ల విషయంలో వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. ఇళ్ల మధ్య శబ్దానికి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ పరిమితి, యాంగిల్ గ్రైండర్ పగలు కూడా ఆ పరిమితి దాటుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు మానేసి ఫలానా టైములో చేస్తా అని ముందే చెప్పండి, చాలావరకు అక్కడే సద్దుమణుగుతుంది. స్ప్రే పెయింటింగ్ మాత్రం ఇంట్లో పెట్టుకోకండి, థిన్నర్ వాసన మీద ఫిర్యాదు వెళ్తే మెజిస్ట్రేటు న్యూసెన్స్ ఆపమని ఆర్డరు ఇవ్వొచ్చు, పెయింటు బయట షాపులో వేయించండి. పాత ఇంజిన్ ఆయిలు కాలవలో పోయొద్దు, పాత బ్యాటరీ కొత్తది కొన్న చోటే ఇచ్చేయండి. షెడ్డులో పెట్రోలు 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, అయితే బిరడా గట్టిగా ఉన్న ఇనుప డబ్బాలో, ఒక్కో డబ్బా 25 లీటర్లు మించకుండా, కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాల్లో మాత్రం కాదు.

మేనత్తల్లో ఎవరైనా సంతకం పెట్టనంటే వాళ్లతో వాదన పెట్టుకోకండి, కారుకి ఇంకా ఏ ఖర్చూ పెట్టకుండా ఆపేసి, వాళ్లు ఏమన్నారో, కాకినాడ రిజిస్టర్లో బాడీ గురించి ఏముందో రెండూ రాసి పంపండి, తర్వాతి దారి అప్పుడు చెప్తా.