పెంటలో పది రోజులుండి రాయాలంటే

ప్రియమైన తమ్ముడికి,

నల్లమల అడవిలో చెంచుల పెంటలో, అంటే వాళ్ల చిన్న ఊళ్లో, పది రోజులుండి రాస్తానన్నావు. చాలా సంతోషం. ముందు కాగితం పని చూసుకో. అటు అమ్రాబాద్, ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, రెండూ పులుల అభయారణ్యాలే. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస వద్దు. పట్టుబడితే నువ్వు ఇంటికొచ్చేస్తావు, చోటిచ్చిన పాపానికి మాటపడేది వాళ్లు. అనుమతి ఉన్నా పెంట పెద్దను అడుగు, ఆయన చూపించిన చోటే గుడారం వెయ్యి. నీళ్లు దగ్గరని వాగు ఒడ్డున వేస్తే, జంతువులు దాహానికొచ్చే దారిలో పడుకున్నట్టే.

బియ్యం రోజుకు అరకిలో లెక్కన 5 కిలోలు, కందిపప్పు కిలోన్నర, ఉప్పు, కారం, చింతపండు, నూనె. ఇది నీ ఒక్కడికి. నీ పొయ్యి దగ్గరికి పిల్లలొస్తారు, కాబట్టి రెట్టింపు పట్టుకెళ్లు. ఎండాకాలమైతే తాగడానికే రోజుకు 4, 5 లీటర్ల నీళ్లు కావాలి. చెలమ నీళ్లను నాలుగు మడతల బట్టలో వడగట్టి, బాగా తెర్లాక ఇంకో నిమిషం పొయ్యి మీదే ఉంచు. వడగట్టకుండా క్లోరిన్ బిళ్ల వేస్తే సరిగా పనిచెయ్యదు, అందులోని మట్టే ఆ మందును తినేస్తుంది.

పగలు పెంట ఖాళీగా ఉంటుంది. పదింటికి నోటు పుస్తకం పట్టుకుని వెళితే ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ కనపడరు. మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే ఇప్పచెట్టు కింద చూడు. పువ్వు రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలుతుంది. ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులన్నీ ముందే ఊడ్చేసి ఉంటాయి. పాలిపోయిన పసుపు రంగులో, వేళ్ల మధ్య మెత్తగా నలిగే కండగల పువ్వు అది, తియ్యగా మత్తువాసన వేస్తుంది. ఆ వాసనకే ఎలుగుబంట్లూ వస్తాయి. అందుకే చీకటితో ఒంటరిగా బయల్దేరకు, ఏరేవాళ్ల వెంట వెళ్లు, బుట్ట పట్టుకుని నువ్వూ ఏరు. నడుం నొప్పి పుట్టాక అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

తపసి చెట్టు జిగురు, అదే తపసి బంక, కిలో ఎంత అని మొదటి రోజే అడగకు, వ్యాపారివనుకుంటారు. తేనె సంగతి మాత్రం ఓపిగ్గా కనుక్కో. కొండచరియకు పట్టిన పట్టు కోసం ఒకడు తాడుకు వేలాడుతుంటే, పైన ఆ తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది. చెల్లెలి పసుపుకుంకుమలు అతని చేతిలో ఉన్నాయన్న మాట. ఒక తాడులో చుట్టరికమంతా ఉంది. అలాంటిది దొరికినప్పుడు వ్యాఖ్యానం రాయకు, తాడు ఎలా కట్టారో రాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు భాష. వాళ్లది తెలుగే కదా అని అన్నీ అర్థమయ్యాయనుకుంటావు. పెంట అంటే మనకు చెత్తకుప్ప, వాళ్లకు ఊరు. కాబట్టి విన్న మాటను విన్నట్టే రాసుకో, పలుకుబడి దిద్దకు, అర్థం మళ్లీ అడుగు. పెన్ను వద్దు, చెమటకు, వానకు సిరా అలుక్కుపోతుంది, పెన్సిలు వాడు. ఎడమ పేజీలో చూసింది, విన్నది మాత్రమే. కుడి పేజీలో నీ ఊహ. ఏ రోజుది ఆ రాత్రే రాయాలి, ఒక్క నిద్ర పోయి లేచేసరికి వాళ్ల మాట నీ మాటగా మారిపోతుంది.

ఫోన్‌నే నమ్ముకోకు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 బ్యాటరీని నాలుగుసార్లు నింపుతుందనుకుంటారు. వోల్టేజి మార్పులో కొంత పోయి, రెండున్నర, మూడు సార్లకే అయిపోతుంది. రికార్డు చేసేముందు అడుగు, తర్వాత వాళ్లకు వినిపించు.

దోమతెర అంచులు చాప కిందికి దోపి పడుకో. పొద్దున చెప్పులు దులిపి తొడుక్కో. తిరిగొచ్చాక వారాల్లో, నెలల్లో ఎప్పుడు జ్వరం తగిలినా, అడవికి వెళ్లొచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి మలేరియా పరీక్ష చేయించుకో. దోమ కుట్టిన కనీసం వారానికి గానీ అది బయటపడదు.

వచ్చాక ఎడమ పేజీలు ఫొటో తీసి నాకు పంపు. కుడి పేజీలు ఇప్పుడే వద్దు.

నీ శ్రేయోభిలాషి,
అన్న