ఈఏపీసెట్ వద్దు, మెటల్ డ్రమ్మర్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మార్కులు బాగానే వస్తాయి. రెండేళ్లుగా డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు ఉన్నట్టుండి ఈఏపీసెట్ రాయను, హెవీ మెటల్ డ్రమ్మర్ అవుతాను అంటున్నాడు. వాడు వినేవి నాకు ఒకటే రొదలా ఉంటాయి. వాళ్ల నాన్నగారు వాడితో మాట్లాడటం మానేశారు. ఇది నిజంగా ఒక విద్యేనా? దీంతో బతకగలడా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఇది విద్యే. అందులో నాకు అనుమానం లేదు. బతకగలడా అన్న దానికి జవాబు చెప్పాలంటే ముందు మీ అబ్బాయి గురించి ఒక విషయం తెలియాలి. ఒకరోజు తీరిగ్గా కూర్చోబెట్టి, "నీకు ఎవరి వాయింపు ఇష్టం, ఎందుకు?" అని అడగండి. స్టేజీ మీద లైట్లు, జుట్టు ఊపుతూ వాయించడం గురించే చెబితే అది అభిమానం, కొన్నాళ్లకు తగ్గుతుంది. చేతుల గురించి, కాళ్ల గురించి, లెక్క గురించి చెబితే మాత్రం శ్రద్ధగా వినండి. తను చెప్పే పేర్లు మీకు బొత్తిగా కొత్త కాకుండా ఉండాలని ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ సంగీతానికి పునాది వేసిన బ్లాక్ సబాత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1970లో వచ్చింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు వాళ్లు. డ్రమ్మర్ బిల్ వార్డ్ చిన్నప్పటి నుంచి జీన్ క్రూపా, బడ్డీ రిచ్ లాంటి జాజ్ డ్రమ్మర్లను వింటూ పెరిగారు. అందుకే గిటార్ ఎంత బరువుగా, నిదానంగా సాగినా ఆయన వాయింపులో జాజ్ ఊపు పోదు. మీవాడు ఈయన పేరు చెబితే సంతోషించండి. మూలాలు వెతుక్కుని వింటున్నాడన్నమాట.

ఐరన్ మెయిడెన్ బ్యాండ్‌లో 1982 చివర్లో చేరిన నికో మెక్‌బ్రెయిన్ చాలామంది లాగా, కింది డ్రమ్‌ని కాలితో కొట్టే పెడల్స్ రెండు వాడరు. కుడి కాలు ఒక్కటే. ఆ ఒక్క పాదంతోనే ఆయన తెప్పించే వేగం చూసి రెండు పెడల్స్ వాడేవాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. 2023లో పక్షవాతం వచ్చినా ఫిజియోథెరపీ చేయించుకుని అదే ఏడాది మళ్లీ స్టేజీ ఎక్కారు. 72 ఏళ్ల వయసులో, 2024 డిసెంబరులో టూర్లకు సెలవు చెప్పారు.

స్లేయర్ బ్యాండ్ డేవ్ లొంబార్డో దగ్గరకు వస్తే ఇక రెండు కాళ్లూ పనిచేయాలి. కింద ఉండే పెద్ద బేస్ డ్రమ్‌ని రెండు పాదాలతో మార్చి మార్చి కొట్టడాన్ని డబుల్ బేస్ అంటారు. 1986లో వచ్చిన ఆయన ఆల్బమ్ 'రెయిన్ ఇన్ బ్లడ్' మొత్తం అరగంట కూడా ఉండదు, కానీ ఆ తర్వాత వచ్చిన మెటల్ డ్రమ్మర్లందరికీ అది పాఠ్యపుస్తకం అయింది. మీరు తెలుసుకోవాల్సింది ఇంకోటి ఉంది. అదే ఏడాది, ఆ ఆల్బమ్ టూర్ నడుస్తుండగానే, తనకు డబ్బులేమీ మిగలడం లేదు, ఇంటి అద్దె కూడా గడవడం లేదని లొంబార్డో బ్యాండ్ వదిలేశారు. మరుసటి ఏడాది తిరిగి చేరారు. అంత పేరున్న వాడికే అద్దె కట్టే సమస్య వచ్చిందని మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. బెదిరించడానికి కాదు. ఈ వృత్తిలో డబ్బు మాట ముందే మాట్లాడుకోవాలని తెలియడానికి.

మీకు రొదలా వినిపించేది బహుశా బ్లాస్ట్ బీట్ అయి ఉంటుంది. స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్), కిక్ (కాలితో కొట్టే బేస్ డ్రమ్), సింబల్ (లోహపు పళ్లెం) మూడూ గుక్క తిప్పుకోనివ్వకుండా పడుతుంటాయి. మోర్బిడ్ ఏంజెల్ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ పీట్ సాండొవాల్ ఇందులో దిట్ట. 200 టెంపోలో, అంటే నిమిషానికి 200 బీట్ల వేగంలో, ఒక్కో బీటుకు నాలుగు దెబ్బలంటే సెకనుకు పదమూడుకు పైనే. అంత వేగంలోనూ ప్రతి దెబ్బా విడిగా, సమానంగా వినపడాలి. ఈ వేగం ఊరికే రాదు, శరీరం మూల్యం చెల్లిస్తుంది. సాండొవాల్‌కి వెన్నుపూస ఆపరేషన్ అయింది, 2011లో వచ్చిన తన బ్యాండ్ ఆల్బమ్‌లో వాయించలేకపోయారు. కాబట్టి కూర్చునే తీరు, స్టూలు ఎత్తు సరిచూసే గురువు కావాలి. యూట్యూబ్ చూసి వేగం పెంచుకోవడం ప్రమాదం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తర్వాతి కోవ. స్వీడన్ బ్యాండ్ మెషుగా వినమనండి. డ్రమ్మర్ టోమాస్ హాకె పై చేతి సింబల్‌తో నాలుగు లెక్కను నిలబెట్టి, కాళ్లతో వేరే లెక్క నడిపిస్తారు. రెండూ విడిపోయి, చాలాసేపు ఎదురీది, చివరకు ఒకచోట కలుస్తాయి. ఇది మనకు తెలియనిదా? ఆది తాళంలో తకిట తకధిమి అని ఏడేసి అక్షరాలు పేర్చుకుంటూ పోయి, ముక్తాయింపుతో సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడే మృదంగ విద్వాంసుడు చేసేది ఇదే లెక్క. అమెరికా బ్యాండ్ టూల్ డ్రమ్మర్ డానీ కేరీ అయితే ఏకంగా అలోక్ దత్తా అనే తబలా గురువు దగ్గర నేర్చుకున్నారు. బ్రెజిల్ బ్యాండ్ సెపుల్టురా 1996లో చేసిన 'రూట్స్'లో ఇగోర్ కవలేరా తమ దేశపు వాద్యాల లయను మెటల్‌లోకి తెచ్చారు. మన ఢిల్లీ కుర్రాళ్లు బ్లడీవుడ్ ఢోలు పట్టుకుని 2019లో జర్మనీలోని వాకెన్ ఫెస్టివల్‌లో వాయించి వచ్చారు.

అందుకే నా సలహాల్లో మొదటిది మీకు వింతగా అనిపించవచ్చు. మీవాడిని మృదంగంలో చేర్పించండి. విజయవాడలో ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ఒకసారి వెళ్లి మృదంగం తరగతుల వేళలు, ప్రవేశాల తేదీలు కనుక్కోండి. గుంటూరు నుంచి రైల్లో పెద్ద దూరమేం కాదు. మృదంగానికి మన ప్రాంతంలో గొప్ప వారసత్వం ఉంది, నిడుమోలు సుమతి గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. తకిట తకధిమి లాంటి జతులు నోటితో చెప్పడం వచ్చిన కుర్రాడికి మెషుగా లెక్క భయపెట్టదు. రేపు ఏ దేశపు డ్రమ్మర్ల మధ్య నిలబడినా తనదంటూ ఒకటి ఉంటుంది.

ఇక పరీక్ష. ఫోనులో లెక్క తప్పకుండా క్లిక్ కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టి, 60 టెంపోలో, అంటే సెకనుకు ఒక క్లిక్, ఒకటే మామూలు బీటు పది నిమిషాలు ఆపకుండా వాయించి రికార్డు చేయమనండి. ఫిల్స్ (బీటు మధ్యలో వేసే చిన్న మలుపులు) వద్దు, హంగులు వద్దు. వేగంలో తప్పులు కలిసిపోతాయి, నిదానంలో దాక్కోలేవు. రెండు క్లిక్కుల మధ్య అంత ఖాళీ ఉన్నప్పుడు తొందరపడి ముందే కొట్టేస్తాడు, లేదా వెనకబడతాడు. మీకు సంగీతం రాకపోయినా తెలుస్తుంది: సరిగ్గా పడితే క్లిక్ వినపడదు, దెబ్బ కింద మాయమవుతుంది. తప్పితే 'టక్' అని విడిగా వినపడుతుంది. జీన్ హోగ్లాన్ అనే డ్రమ్మర్‌ని మెటల్ లోకం 'అటామిక్ క్లాక్' అని పిలుస్తుంది, ఈ నిక్కచ్చితనానికే. మొదటిసారి తప్పితే ఏమీ కాదు. వారానికొక రికార్డింగ్ దాచమనండి. మూడు నెలల తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన వినండి. విసుగు పుట్టించే ఈ పనిని తనంతట తాను చేస్తూ పోయాడా లేదా అన్నదే నేను చూసేది.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెబుతాను. మెటల్ ఒక్కటే వాయించి ఇల్లు గడుపుకునేవాళ్లు మన దేశంలో చాలా తక్కువ. బెంగళూరు, ముంబై, ఢిల్లీ, షిల్లాంగ్ లాంటి చోట్ల ఈ సంగీతానికి శ్రోతలున్నారు, మన వైపు కచేరీలు తక్కువ. కానీ క్లిక్‌కి కచ్చితంగా వాయించి, నొటేషన్ (సంగీత లిపి) చదివి, ఏ పాటకైనా సర్దుకుపోగల డ్రమ్మర్‌కి పని దొరుకుతుంది. గుంటూరు, విజయవాడల్లో చర్చి క్వయర్లు, పెళ్లి ఆర్కెస్ట్రాలు, సినిమా పాటల ప్రోగ్రాములు ఉన్నాయి. ఇంట్లోనే డ్రమ్స్ రికార్డు చేసి పంపడం, పిల్లలకు నేర్పడం ఉన్నాయి. "నేను మెటలే వాయిస్తా, మెలొడీ పాటలు వాయించను" అంటే మాత్రం కష్టం. నేర్పాలంటే చేతిలో కాగితం ఉండటం మేలు. ట్రినిటీ కాలేజ్ లండన్, రాక్‌స్కూల్ వాళ్లు ఎనిమిదో గ్రేడు దాకా డ్రమ్స్ పరీక్షలు మన దేశంలోనూ పెడతారు. అమెరికాలోని బర్క్లీ లాంటి విదేశీ సంగీత కాలేజీలు ఆడిషన్, ఇంటర్వ్యూ చూసి తీసుకుంటాయి. కానీ ఆ ఫీజులకు అప్పు చేసే ఆలోచన ఇప్పుడే వద్దు.

ఈఏపీసెట్ రాయాల్సిందే, ఇందులో నేను మీ వైపే. దానికి కారణంగా మీవాడికి డ్రమ్మర్ మైక్ మంజీని కథ చెప్పండి. కంప్యూటర్ సైన్స్ చదివి, సాఫ్ట్‌వేర్ పని చేస్తూనే సాధన మానలేదు. తర్వాత బర్క్లీలో డ్రమ్స్ పాఠాలు చెప్పారు. 2010లో డ్రీమ్ థియేటర్ బ్యాండ్ ఆడిషన్‌కి పేరుమోసిన ఏడుగురిని పిలిస్తే వాళ్లలోంచి ఎంపికైంది ఆయనే. చదువు ఆయన చేతులు కట్టేయలేదు. మీవాడు గుంటూరు, విజయవాడ పరిసరాల్లోనే ఇంజనీరింగ్ చేరితే నాలుగేళ్లు దొరుకుతాయి, కాలేజీ ఫెస్టుల్లో బ్యాండు పెట్టుకోవచ్చు. మీరూ ఒక మాట ఇవ్వాలి: రోజుకు రెండు గంటలు సాధనకు, ఎవరూ అడ్డుపడరు, పరీక్షల నెలలో తప్ప. మాట మీరు తప్పితే తనూ తప్పుతాడు.

అపార్ట్‌మెంట్ అయితే పెద్ద చప్పుడు రాని ప్రాక్టీస్ ప్యాడ్‌తో మొదలుపెట్టండి. అసలు డ్రమ్ సెట్ మీద కూర్చున్నప్పుడు చెవుల్లో ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండటమే హద్దు అంటారు. 100 డెసిబెల్స్‌కి వెళితే ఆ హద్దు పావుగంటకు పడిపోతుంది, డ్రమ్స్ ఆ స్థాయిని తేలిగ్గా దాటతాయి. మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ చెవిలో ఆగని మోత గురించి బయటకే చెప్పారు. మీవాడికి రాత్రిపూట చెవుల్లో గుయ్‌మంటోందేమో ఇవాళే అడగండి, అవునంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ర్యాంకు వచ్చాక, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, ఆ రికార్డింగులు తీసుకుని నా దగ్గరకు రండి. వాళ్ల నాన్నగారిని కూడా వెంట తీసుకురండి. ఆయన అడగాల్సినవి ఆయనే అబ్బాయిని అడగాలి.