టెక్ సందేహాలు: ఆగినప్పుడు బిగుస్తోంది, నడపమంటే వదిలేస్తోంది

ఈసారి సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు కదిలి చెక్కే మెషిన్) ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి, అవి కూడా రాయగడ, జయపురం, బరంపురం వైపు నుంచే. మొబైల్ స్టోరేజ్ నిండిపోయిందన్న వాళ్ళు కాస్త ఆగండి, వచ్చేసారి చూద్దాం.

రాయగడ నుంచి ఒక తమ్ముడు: "అన్నా, షాపుల నేమ్ బోర్డులు చెక్కడానికి చిన్న సీఎన్‌సీ మెషిన్ కట్టుకుంటున్నాను, ఇక్కడ చాలామంది పైన ఒడియా, కింద తెలుగు అడుగుతారు. ఎల్297, ఎల్298 చిప్పులతో వచ్చే స్టెప్పర్ మోటార్ (అడుగు అడుగుగా తిరిగే మోటార్) డ్రైవర్ కిట్లు మూడు తెప్పించి ఒకటి సోల్డర్ చేశాను, ఆర్డ్యునోలో జీఆర్‌బీఎల్ ఎక్కించాను. ఏటి విచిత్రమో గానీ, మోటార్ ఊరికే ఉన్నప్పుడు చేత్తో తిప్పినా తిరగనంత టైట్‌గా ఉంటోంది, కంప్యూటర్ నుంచి కదలమంటే అప్పుడు లూజైపోతోంది, కదలడం మాత్రం లేదు. బోర్డు పోయిందా? మిగతా రెండూ ఎలాగ కట్టాలి?"

బోర్డు పోలేదు తమ్ముడూ, బానే ఉంది. ఆర్డ్యునో బోర్డులో నువ్వు ఎక్కించిన జీఆర్‌బీఎల్‌కీ (మెషిన్‌ని నడిపే ప్రోగ్రామ్) నీ కిట్‌కీ ఒక్క విషయంలో మాట కుదరట్లేదు, అంతే. జీఆర్‌బీఎల్ మోటార్లని ఆన్ చెయ్యాలంటే 8వ పిన్‌ని కిందకి, అంటే 0 వోల్టులకి లాగుతుంది, ఎందుకంటే ఇప్పుడొచ్చే ఎ4988 లాంటి బుల్లి డ్రైవర్లన్నీ అలాగే పనిచేస్తాయి. ఎల్297 (స్టెప్పుల వరస చెప్పేది ఇది, మోటార్‌కి కరెంట్ పంపేది ఎల్298) పాతకాలం చిప్, దాని ఎనేబుల్ పిన్ (10వది) పైకి ఉంటేనే ఆన్, కిందకి వస్తే నాలుగు లైన్లూ కట్. అందుకే నువ్వు కదలమన్నప్పుడు అది పడుకుంటోంది, పని అయిపోయిందనగానే లేచి కూర్చుంటోంది. కంప్యూటర్లో జీఆర్‌బీఎల్‌కి కమాండ్లు పంపే చోట $4=1 అని టైప్ చేసి ఎంటర్ కొట్టు, ఆ పిన్ తిరగబడుతుంది. దాంతోపాటు $1=255 కూడా పెట్టు, లేకపోతే కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకే మోటార్ని వదిలేస్తుంది, రౌటర్ బిట్ చెక్కలో ఉండగా యాక్సిస్ లూజైతే అక్షరం ఎక్కడికి పోతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇక మిగతా రెండు బోర్డులు. కిట్ కవర్ విప్పగానే పెద్ద చిప్ తీసి అంటించేద్దామని అందరికీ చెయ్యి దురద పెడుతుంది, అది ఆపుకోవాలి. ముందు రెసిస్టర్లు, తర్వాత ఎల్297కి 20 కాళ్ళ ఐసీ సాకెట్ (చిప్‌ని నేరుగా సోల్డర్ చెయ్యొద్దు), తర్వాత చిన్న కెపాసిటర్లు, ఆ తర్వాత 8 డయోడ్లు. ఈ డయోడ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగు. ఎల్298 లోపల రక్షణ డయోడ్లు ఉండవు, మోటార్ కాయిల్ ఆఫ్ అయినప్పుడల్లా వెనక్కి తన్నే వోల్టేజ్‌ని బయట పెట్టిన ఈ 8 డయోడ్లే పట్టుకోవాలి, కాబట్టి అవి ఫాస్ట్ రికవరీవి అయ్యుండాలి, 2 ఆంపియర్లవి, 200 నానోసెకన్లలోపు కోలుకునేవి. చవక కిట్లలో కొన్నిసార్లు 1ఎన్4007 వేసి పంపుతారు, అది కరెంట్ సప్లయ్‌లో వాడే నెమ్మది డయోడ్, ఇక్కడ పనికిరాదు. కవర్లో అవే ఉంటే పక్కన పెట్టి ఎఫ్ఆర్204 తెప్పించుకో, రాయగడలో దొరక్కపోతే విశాఖ వెళ్ళే వాళ్ళెవరికైనా చెప్పు, పది రూపాయల వస్తువు కోసం చిప్ తగలెట్టుకోవడం ఎందుకు. డయోడ్ మీది గీత, బోర్డు మీది గీత ఒకే వైపు ఉండాలి, ఒక్కటి తిరగబడినా ఎల్298 ఆ లైన్‌ని ఆన్ చెయ్యగానే సప్లయ్ షార్టే.

ఎల్298 చివర్న. దాన్ని ముందు హీట్‌సింక్‌కి స్క్రూతో బిగించి, పేస్ట్ రాసి, అప్పుడు కాళ్ళు రంధ్రాల్లో దింపి సోల్డర్ చెయ్యి, ముందే సోల్డర్ చేసి తర్వాత స్క్రూ బిగిస్తే కాళ్ళ మొదట్లో ఒత్తిడి పడి కొన్నాళ్ళకి టంకం పగలొచ్చు. హీట్‌సింక్ విషయంలో పిసినారితనం వద్దు, ఈ చిప్‌లో కాయిల్‌కి 1 ఆంపియర్ వెళ్తేనే రెండు మూడు వోల్టులు లోపలే ఆవిరైపోతాయి, 2 ఆంపియర్ల దగ్గరైతే 4.9 దాకా పోవచ్చు. రెండు కాయిళ్ళూ కలిపి ఆరేడు వాట్ల వేడి, చిన్న ఫ్యాన్ పెడితే మంచిది, మీ వైపు ఏప్రిల్, మేల్లో అయితే తప్పదు.

ఎల్297ని సాకెట్లో పెట్టకుండానే మొదటిసారి కరెంట్ ఇవ్వాలి. సప్లయ్‌కీ బోర్డుకీ మధ్య ప్లస్ వైర్లో లారీ ఇండికేటర్ బల్బు ఒకటి, 24 వోల్టులు 21 వాట్లది, సిరీస్‌లో కట్టు. రోడ్డు పక్కన లారీ ఎలక్ట్రీషియన్ దగ్గర పాతది అడిగినా ఇస్తాడు. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, కరెంట్ 1 ఆంపియర్ దాటదు, బోర్డు బతుకుతుంది. వెలగలేదంటే మీటర్ తీసి సాకెట్ 12వ పిన్, 2వ పిన్ మధ్య 5 వోల్టులు ఉన్నాయో లేదో చూడు.

అప్పుడే ఇంకో కొలత కూడా తీసెయ్, నన్నడిగితే ఈ పనంతటిలో ముఖ్యమైనది ఇదే, జనం వదిలేసేదీ ఇదే. సాకెట్ 15వ పిన్ దగ్గర ఉన్న వోల్టేజ్ మోటార్‌కి ఎంత కరెంట్ వెళ్ళాలో నిర్ణయిస్తుంది. లెక్క సింపుల్, కావలసిన కరెంట్‌ని సెన్స్ రెసిస్టర్ (మోటార్ కరెంట్ ఎంతో కొలవడానికి పెట్టేది) విలువతో గుణించడమే. కిట్లో 0.5 ఓమ్ రెసిస్టర్లు ఉండి, నీకు 1.2 ఆంపియర్లు చాలు అనుకుంటే 1.2 ఇంటూ 0.5, అంటే 0.6 వోల్టు. ట్రిమ్‌పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్) తిప్పి 0.6 పెట్టు. ట్రిమ్‌పాట్ కొత్తగా వచ్చినప్పుడు ఏ మూలన ఉంటుందో ఎవడికీ తెలీదు, 2 వోల్టుల దగ్గర ఉంటే నువ్వు 4 ఆంపియర్లు పంపమన్నావనే చిప్ అనుకుంటుంది, ఎల్298 తట్టుకునేది ఒక్కో వైపు 2 మాత్రమే. మోటార్ మీద 1.7 ఆంపియర్లు అని రాసుందని అంతా ఇవ్వాలని రూలేమీ లేదు. సెన్స్ రెసిస్టర్లు 2 వాట్లవేనా అన్నది కూడా చూసుకో, 1.2 ఆంపియర్ల దగ్గర ఒక్కోదాంట్లో 0.7 వాట్ల పైనే కాలుతుంది.

సప్లయ్ ఆపి ఎల్297 పెట్టాక మోటార్ వైర్లు. నాలుగు వైర్లలో ఏ రెండు ఒక జతో రంగు చూసి నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. మోటార్ని దేనికీ కలపకుండా చేతిలో పట్టుకుని ఏ రెండు వైర్లైనా కొసలు కలిపి షాఫ్ట్ తిప్పి చూడు, మామూలుగా తిరిగితే అవి జత కాదు, గరగరమంటూ గట్టిగా తిరిగితే అవి ఒకే కాయిల్. జత తప్పితే మోటార్ తిరగదు, వణుకుతుంది. కరెంట్ ఉండగా మోటార్ వైరు పీకడం, పెట్టడం మాత్రం చెయ్యొద్దు, ఏ డ్రైవర్‌కైనా అది చావుదెబ్బే.

ఈ కిట్‌కి హాఫ్ స్టెప్ వరకే ఉంది, అంటే 200 స్టెప్పుల మోటార్‌కి రౌండ్‌కి 400 స్టెప్పులు, రౌండ్‌కి 8 మిల్లీమీటర్లు జరిపే లీడ్ స్క్రూ అయితే మిల్లీమీటర్‌కి 50, కాబట్టి $100=50. చెక్క బోర్డులకి అది చాలు, కాస్త మోత ఎక్కువ, అంతే. ఒడియా అయినా తెలుగు అయినా అన్నీ గుండ్రని అక్షరాలే కాబట్టి ప్రోగ్రామ్ ఆ వంపుల్ని వందల చిన్న చిన్న గీతలుగా కోసి పంపుతుంది, ప్రతి గీతకీ మోటార్ కొంచెం వేగం పెంచుకోవాలి, తగ్గించుకోవాలి. అక్కడ స్టెప్పులు మిస్సయితే వోల్టేజ్ పెంచడానికి ఎగబడకుండా ముందు $120, $121 (ఎక్స్, వై వైపు ఎంత త్వరగా వేగం పెంచాలన్న సెట్టింగులు) తగ్గించి చూడు.

జయపురం నుంచి: "సీఎన్‌సీ షీల్డ్ (డ్రైవర్లు గుచ్చే బోర్డు) మీద ఎ4988 డ్రైవర్ కాలిపోతే డీఆర్‌వీ8825 పెట్టాను సార్, ఇప్పుడు ప్రతి బొమ్మా సగం సైజే వస్తోంది."

మూడు జంపర్లూ (షీల్డ్ మీద గుచ్చే చిన్న క్లిప్పులు) పెట్టి ఉంచితే ఎ4988 స్టెప్పుని 16 భాగాలు చేస్తుంది, డీఆర్‌వీ8825 అదే జంపర్లతో 32 చేస్తుంది. మార్చిన యాక్సిస్ నంబర్ ($100, $101, $102లో ఏదైతే అది) రెట్టింపు చెయ్యండి, 400 ఉంటే 800. కరెంట్ లెక్క కూడా మారింది: 0.1 ఓమ్ సెన్స్ రెసిస్టర్లు ఉన్న బోర్డుల్లో ఎ4988కి రిఫరెన్స్ వోల్టేజ్ కరెంట్‌కి 0.8 రెట్లు, దీనికి 0.5 రెట్లు, అంటే 1 ఆంపియర్‌కి 0.5 వోల్టు. ట్రిమ్‌పాట్ రెండింటికీ ఎదురెదురు చివర్లలో ఉంటుంది, అందుకని పాట్ చూసి కాదు, ఎనేబుల్ పిన్ పేరు చూసి డ్రైవర్ని పెట్టండి. మీది ఇంకా నడుస్తోందంటే సరిగ్గానే పెట్టారు.

బరంపురం నుంచి: "మధ్యలో కరెంట్ పోతే పని మొదటికొస్తోంది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఎలా?"

జీఆర్‌బీఎల్‌కి తను ఎక్కడుందో గుర్తుండదండీ, కరెంట్ పోయిందంటే ఆ లెక్క పోయినట్టే. లిమిట్ స్విచ్‌లు పెట్టి $22=1 చేసి, రోజూ పని మొదలెట్టే ముందు హోమింగ్ (స్విచ్‌లు తగిలేదాకా వెళ్ళి మెషిన్ తన మూల వెతుక్కోవడం) చెయ్యండి. చెక్క మూల దగ్గర సున్నాని జీ10 ఎల్20 కమాండ్‌తో జీ54లో (పని సున్నాని దాచుకునే చోటు) పెడితే అది ఈప్రామ్‌లో, అంటే కరెంట్ పోయినా చెరగని మెమరీలో ఉండిపోతుంది, కరెంట్ వచ్చాక మళ్ళీ హోమింగ్ చేస్తే చాలు, పాత సున్నా దొరుకుతుంది. ఆగిన లైను కన్నా ఓ పది లైన్లు వెనక్కి వెళ్ళి, బిట్ పైకెత్తి, స్పిండిల్ ఆన్ కమాండ్, ఫీడ్ రేటు మళ్ళీ రాసి అక్కడి నుంచి పంపండి. చెక్కని మాత్రం ఈలోగా కదపొద్దు, క్లాంపులు విప్పారంటే ఆ సున్నా ఎందుకూ పనికిరాదు.