రాత్రయితే పోయే బొమ్మ

ప్రశ్న: మాది ఉండి అనే ఊరి దగ్గర. రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా పెట్టించి ఏడాదైంది. షెడ్డులోని పోఈ స్విచ్చి (కేబుల్లోనే కెమెరాకి కరెంటు కూడా పంపే పెట్టె) నుంచి 80 మీటర్ల కేబుల్ లాగారు. పగలంతా బాగుంటుంది. చీకటి పడ్డాక మాటిమాటికీ బొమ్మ పోయి, రెండు నిమిషాల్లో మళ్ళీ వస్తోంది. కెమెరా మార్చాను, అయినా అంతే. కేబుల్ టెస్టర్ పెడితే తీగకొకటి చొప్పున 8 లైట్లూ వెలుగుతున్నాయి. తప్పెక్కడుందండీ?

జవాబు: ఆ టెస్టర్ని నమ్మి నేనూ కాళ్ళ అనే ఊరి వైపు ఒక చెరువు చుట్టూ మూడు రోజులు తిరిగాను లెండి. తీగ తెగిందా, వరస సరిగ్గా ఉందా అన్నంతవరకే అది చెబుతుంది. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. కేబుల్లో ఎక్కడైనా పట్టు వదులైతే అక్కడ వోల్టేజి పడిపోతుంది. కెమెరా ఆగి మళ్ళీ మొదటినుంచి స్టార్టవుతుంది. మీ రెండు నిమిషాలు అవే అయ్యుంటాయి.

కెమెరాను షెడ్డులోకి తెచ్చి, రెండు మీటర్ల కొత్త కేబుల్‌తో అదే పోర్టుకి తగిలించండి. రాత్రిదాకా ఆగక్కర్లేదు, మీద నల్లగుడ్డ కప్పితే లైట్లు వెలుగుతాయి. కొన్ని గంటలు నిక్షేపంలా నడిస్తే దొంగ కేబులే. అక్కడా ఆగిపోతుంటే స్విచ్చిని అనుమానించాలి.

కేబులే అయితే స్విచ్చి ఆపి, గట్టు మీది ప్లగ్గు చూడండి. ఉప్పుగాలి, మంచు, పైగా లోపల 48 వోల్టుల డీసీ. పిన్నులకు పచ్చగా చిలుము పట్టడానికి ఇంకేం కావాలి? తుడిచి సరిపెట్టొద్దు. జానెడు కోసేసి కొత్త ప్లగ్గు వేయించండి. కోసిన ముక్కలో ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే అది రాగిపూత అల్యూమినియం. కరెంటుకి దాని అడ్డు రాగికంటే ఒకటిన్నర రెట్లు. 80 మీటర్లకి నేనైతే వాడను, మొత్తం పీకించేస్తాను.

రాగే అయితే మధ్యలో జాయింటు వేశారేమో, లాగినవాళ్ళని నిలదీయండి. కాళ్ళ దగ్గర నాకు చివరికి దొరికింది అదే. పైపు వంగినచోట నిలిచిన నీళ్ళలో, టేపు చుట్టిన జాయింటు నానుతోంది! పైపు ఊపితే గలగలమంది. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు వైరు కూడా అదే పైపులో ఉంటే మాత్రం ఈ రోజే విడదీయించండి, ప్రాణాలకు ముప్పు.

కొత్తది లాగేటప్పుడు జాయింటు వద్దు. పైపు పల్లంలో చిన్న బెజ్జం పెట్టించి, కెమెరా దగ్గర కేబుల్‌ని కిందికి వంపు తిప్పమనండి, వాననీరు ప్లగ్గులోకి పోకుండా జారిపోతుంది.

పాత కెమెరా పారేయలేదు కదా? బహుశా అది బాగానే ఉంది.