కామిక్స్‌లో క్షమాపణ వెతికేవాళ్లు తప్పు పేజీలో వెతుకుతారు

"సండే స్కూల్లో పదేళ్ల పిల్లలకు స్నేహం, క్షమాపణ గురించి చెప్పడానికి కామిక్స్ వాడొచ్చా? వాడితే ఏవి?" అని అడిగారు.

నిస్సందేహంగా వాడొచ్చు. కాకపోతే చాలామంది మొదలుపెట్టడమే తలకిందులుగా మొదలుపెడతారు. ముందు కంఠత వాక్యం ఎంచుకుని, దానికి అతికే సూపర్‌హీరో కోసం వెతుకుతారు. కేప్ కట్టినవాడల్లా క్రీస్తుకు సాదృశ్యం, చచ్చి బతికినవాడల్లా పునరుత్థానం! ఆ కామిక్స్‌లో చచ్చి తిరిగిరానివాడు ఎవడండీ? విలన్లూ వస్తారు. పిల్లలకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు, లోలోపల నవ్వుకుంటారు.

లోకాన్ని కాపాడే త్యాగాలు పక్కన పెట్టి, ఒక మనిషి ఇంకో మనిషి కోసం నష్టపోయే రెండు మూడు పేజీలు పట్టుకోండి. స్నేహానికైతే నా ఓటు 1960లో పుస్తకంగా వచ్చిన బెల్జియం కార్టూనిస్టు హెర్జే 'టిన్‌టిన్ ఇన్ టిబెట్'కి. విమానం కూలి చనిపోయాడని అందరూ ఆశ వదులుకున్న స్నేహితుడు చాంగ్ కోసం కుర్ర విలేకరి టిన్‌టిన్ హిమాలయాలు ఎక్కుతుంటాడు. అతని నేస్తం కెప్టెన్ హాడక్ రానంటే రానని గొణుగుతూనే వెంట నడుస్తాడు. ఒకచోట హాడక్ జారి తాడుకు వేలాడతాడు. పైన టిన్‌టిన్ ఆ బరువు ఆపగలుగుతున్నాడే గానీ లాగలేకపోతున్నాడు. ఇద్దరూ చావడం దేనికి, తాడు కోసెయ్యమంటాడు హాడక్. టిన్‌టిన్ ససేమిరా అంటాడు. హాడక్ తనే చాకు బయటికి తీస్తాడు.

అక్కడ ఆపాలి. తర్వాతి గడుల మీద ముందే కాగితం అంటించి ఉంచండి, లేకపోతే కళ్లు కిందికి జారి ముగింపు తెలిసిపోతుంది, ఇక చర్చ సాగదు. "ఇద్దరిలో ఎవరు మంచి స్నేహితుడు?" అని అడగండి. ఎక్కువమంది హాడక్ అంటారు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడాన్ని మించిన ప్రేమ లేదనే యోహాను 15:13 అప్పుడు తీయండి, అంతకుముందు కాదు. వాక్యం ముందే చదివితే పిల్లలు బొమ్మ చూడరు, మీకు కావలసిన జవాబు వెతుకుతారు. ఆ తర్వాత నిజమైన స్నేహితుడు ఎప్పుడూ ప్రేమిస్తాడనే సామెతలు 17:17 చదివి టిన్‌టిన్ వైపు తిప్పండి: ప్రాణం పెట్టబోయేవాడు ఒకడు, తాడు వదలనివాడు ఇంకొకడు. ఇప్పుడు కాగితం తీయండి. చాకు చేజారుతుంది. అంతకుముందు వెనుదిరిగిన, దారి చూపే షెర్పా తార్కే తిరిగొచ్చి ఇద్దరినీ కాపాడతాడు. వదిలి వెళ్లినవాడు తిరిగొస్తే ఎలా చూడాలన్న ప్రశ్న అక్కడే దొరుకుతుంది, అదే క్షమకు దారి.

మొత్తం అరగంట. మొదటిసారి చప్పుడు లేకుండా చదవనివ్వండి. రెండోసారి మాటల బుడగలు కప్పేసి ముఖాలూ చేతులూ మాత్రమే చూపించండి. పుస్తకానికి నలుగురికి మించితే వెనకున్నవాళ్లకు ఏమీ కనపడదు. బుడగ నిండా వచనాలు కుక్కిన బైబిల్ కామిక్స్ ఈ పనికి రావు. అక్కడ బొమ్మ చెప్పేది ఏమీ మిగలదు.

ఇక క్షమాపణ. మన భాషలోనే చిక్కు ఉంది. ఇంట్లో "క్షమాపణ చెప్పు" అంటే తప్పు చేసినవాడు అడగడం. బైబిల్లో పాపక్షమాపణ అంటే నష్టపోయినవాడు ఇవ్వడం. పిల్లలకు మొదట ఇది విడదీసి చెప్పకపోతే పాఠమంతా "సారీ చెప్పాలి" దగ్గరే ఆగిపోతుంది.

'పీనట్స్' అనే పత్రికా కామిక్‌లో చార్లీ బ్రౌన్ తన్నబోయే క్షణాన లూసీ బంతి లాగేసే స్ట్రిప్పుల్ని క్షమకు ఉదాహరణగా వాడతారు కొందరు. దయచేసి వద్దు. 1952లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు లూసీ దాదాపు ప్రతిసారీ అదే పని చేస్తుంది. చార్లీ బ్రౌన్ మళ్లీ పరుగెత్తడం క్షమ కాదు, నమ్మకం. తప్పు చేసినవాడిని మందలించు, మారితే క్షమించు అనే లూకా 17:3తో కలిపి చూస్తే ఆ రెండింటి తేడా చెప్పడానికి మాత్రం ఇంతకంటే మంచి బొమ్మ లేదు. బడిలో దెబ్బలు తింటున్న పిల్లాడికి ఈ తేడా చెప్పకుండా "క్షమించు" అనడం అన్యాయం.

పెద్దవాళ్ల గుంపుకైతే 1986 నాటి 'డేర్‌డెవిల్' 227 నుంచి 233 వరకు సంచికలు. పాత ప్రియురాలు కారెన్ పేజ్ ఒక్క డోసు మత్తుమందు కోసం డేర్‌డెవిల్ ముసుగు వెనకున్న అసలు పేరు అమ్మేస్తుంది. అతనికి లాయరు వృత్తి, డబ్బు, ఇల్లు అన్నీ పోతాయి. ఆమె మళ్లీ ఎదురైనప్పుడు అతను హత్తుకుంటాడు. పోయినవన్నీ పాఠకుడు ముందే చూసి ఉండటం వల్లే ఆ గడికి అంత బలం. పదేళ్లవాళ్లకు మాత్రం ఇవ్వకండి.

వాళ్లకు బదులుగా రాజు తన 10,000 తలాంతుల బాకీ మాఫీ చేసినా తోటి దాసుణ్ణి వదలని దాసుడి కథ (మత్తయి 18) ఇచ్చి 6 గడుల్లో గీయించండి. దేనారం అంటే ఒక రోజు కూలి; ఒక తలాంతు దాదాపు 6,000 దేనారాలు, అంటే 10,000 తలాంతులు 6 కోట్లు. తోటి దాసుడు బాకీ పడింది 100 దేనారాలు. ఆరు లక్షల రెట్ల తేడా! పిల్లలు రాజు క్షమించడం చివరి గడిలో పెట్టేస్తారు, అది రెండో గడిలో రావాలి. మూడోది గొంతు పట్టుకోవడం. స్కెచ్ పెన్నులు ఇవ్వకండి, పెన్సిలే ఇవ్వండి. రెండో గడిలోని రాజు ముఖం, ఆఖరి గడిలోని అదే రాజు ముఖం పిల్లలు చెరిపి చెరిపి గీస్తారు.