క్లాసులో కుదిరిన నలుపు ఇంట్లో ఎందుకు కుదరలేదు?

ప్రశ్న: పది రోజుల కలంకారీ శిక్షణకు వెళ్లాను. నెమలి బొమ్మ బాగానే వచ్చింది. సర్టిఫికెట్‌ ఇచ్చే ముందు 'ఈ తరగతిలో నేను నేర్చుకున్నది' అని రెండు పేజీలు రాసివ్వమన్నారు. ఓపిక, ఏకాగ్రత అలవడ్డాయని రాశాక కలం ఆగిపోయింది. పైగా ఇంట్లో అదే నెమలి వేస్తే గీత పాకిపోయింది, నలుపు వెలిసినట్టుంది. అసలు నేర్చుకున్నట్టేనా?
– ఒక విద్యార్థిని, నంద్యాల

జవాబు: ఓపిక సంగతి పక్కన పెట్టండి. అది కుట్లు అల్లికల క్లాసుకెళ్లినా వచ్చేదే. ఇంట్లో చెడిన ఆ గుడ్డ ముక్కను ముందు పెట్టుకుని రాయండి, రెండు పేజీలు చాలవు.

మొదటి పేరాలో, క్లాసులో మీ చేతికి సిద్ధంగా వచ్చినవేమిటో రాయండి. కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టిన బట్ట ఇచ్చి ఉంటారు. నల్ల గీతకు వాడే కసిమి, అంటే ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రావణం, కూడా ఎవరో ముందే ఊరబెట్టినదే. పది రోజుల క్లాసులో ఇరవై రోజులు ఊరే కసిమిని మీరు తయారుచేసే వీలే లేదు కదా! మీరు నేర్చుకున్నది గీత. ఆ గీతను నల్లగా, సన్నగా నిలిపింది మాత్రం మీరు చూడని పని. ఇంట్లో తప్పింది అదే.

ఈ మాట రుజువు కావాలంటే కోరా నూలు బట్టను రాత్రంతా నానబెట్టి, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికి, మూడు పట్టీలుగా చింపండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాన్ని కరక్కాయ నీళ్లలో ముంచండి. మూడోదాన్ని కరక్కాయ, పాలు కలిపిన దాంట్లో ముంచి పిండండి. మీటరు బట్టకు 50 గ్రాముల కరక్కాయ పొడి, అరలీటరు కాచని గేదెపాలు, అరలీటరు నీళ్ల లెక్కన మొదలుపెట్టవచ్చు. మూడింటినీ ఎండలో బాగా ఆరనిచ్చి ఒకే కలంతో, ఒకే కసిమితో తలా ఒక గీత గీయండి. మొదటిదాని మీద తుప్పు రంగు మరక పడుతుంది. రెండోదాని మీద నలుపు వస్తుంది కానీ అంచు ఈకలీనినట్టు పాకుతుంది. మూడోదాని మీద గీత గీసినచోటే నల్లగా నిలుస్తుంది. కరక్కాయలోని వగరు, కసిమిలోని ఇనుము కలిస్తేనే నలుపు. పాలలోని వెన్న ఆ గీతను పాకనివ్వదు. వెన్న తీసిన ప్యాకెట్‌ పాలు వాడితే పాకేది అందుకే. ఆ మూడు పట్టీలనూ నోట్సులో అంటించి, కింద రెండేసి వాక్యాలు రాయండి. దిద్దే మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక మీ నలుపు వెలవెలబోవడానికి కారణం గంజి సరిగా పోకపోవడం కావచ్చు, కసిమి పచ్చిగా ఉండటమూ కావచ్చు. లీటరు నీటికి పావుకిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల తాటిబెల్లం వేసి మట్టికుండలో 15 నుంచి 20 రోజులు ఊరనివ్వాలి. పొంగిన నురగ అణిగాక ఒక చుక్క తీసి కరక్కాయ నీళ్లలో వేయండి. వెంటనే సిరాలా నల్లబడితే పక్వానికి వచ్చినట్టు. నలుపు చాలలేదని అదే గీత మీద మళ్లీ మళ్లీ దిద్దకండి. ఇనుము ఎక్కువైన చోట కొన్నేళ్లకు నూలు చివికి, గీత మేర బట్ట తెగుతుంది.

కలాన్నీ ఓసారి చూసుకోండి. వెదురు పుల్లకు చుట్టిన ఉన్ని గుడ్డ వదులైతే నొక్కగానే బొట్టు జారుతుంది. దారం బిగించి కట్టి, ముంచాక కుండ అంచున ఒకసారి ఒత్తి గీయాలి.

ప్రశ్న: కలంకారీ పువ్వులకు పటిక రాసి, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు నీళ్లలో ఉడికిస్తే పువ్వులతో పాటు ఖాళీ నేల (బొమ్మ లేని బట్ట) కూడా ఎర్రబడింది. రంగు ఎక్కువైందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రంగు కాదు, ఉతుకు తక్కువైంది. పటిక నీళ్లు ఎక్కడ అంటితే అక్కడ ఎరుపు పడుతుంది. పటిక రాశాక కనీసం ఒక రోజు ఆరనిచ్చి, పారే నీటిలో జాడించాలి. బకెట్లో ముంచితే ఊడిన పటిక మళ్లీ నేలకే అంటుకుంటుంది. కలంతో బొమ్మలు గీసే శ్రీకాళహస్తి పనివాళ్లు స్వర్ణముఖి ఏటి ఇసుకలో బట్టలు పరిచి ఉతికింది ఊరికే కాదు. మీకు ఏరు లేకపోతే కుళాయి కింద, బట్ట మడత పడకుండా పట్టుకోండి. పసుపు, నీలం మాత్రం ఈ ఉడుకు అయ్యాకే. ముందే వేస్తే ఆ నీళ్లలోనే పోతాయి.

ప్రశ్న: పెడన బట్టలనూ కలంకారీ అంటారు. అక్కడ కలమేదీ?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: లేదు, అక్కడ చెక్కిన టేకు అచ్చులతో అద్దుతారు. కరక్కాయ, కసిమి, పటిక పెడనలోనూ శ్రీకాళహస్తిలోనూ ఉన్నవే. అచ్చుకు అంటుకోవాలి కాబట్టి అద్దకం రంగులో జిగురు కలిపి చిక్కబరుస్తారు. అలా చిక్కబడిన కసిమిని తెచ్చి కలంతో రాయబోతే, అది ఉన్ని గుడ్డలోంచి కిందికి దిగదు.