ఫ్రీజర్‌లో పెట్టిన తోడు ఎందుకు చచ్చిపోయింది?

చిత్తూరులో మీరు ఇంటికి తాళం వేసి నెల రోజులు ఊరెళ్తూ తోడు పెరుగును ఫ్రీజర్‌లో పెట్టారు. తిరిగొచ్చి తోడువేస్తే పాలు పాలుగానే ఉన్నాయి. చేపల్లో ఉండే, మంచును అడ్డుకునే ప్రోటీన్ కలిపి ఉంటే బతికేదా అని అడిగారు. పెరుగు గడ్డకట్టకుండా ఆపడానికైతే పెద్దగా లాభం ఉండేది కాదండి.

ఆ ప్రోటీన్ మంచు స్ఫటికానికి అతుక్కుని దాన్ని పెరగనివ్వదు. అయితే చేపల ప్రోటీన్ గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గించేది సుమారు ఒక డిగ్రీ మాత్రమే. మీ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. పైగా ప్రోటీన్ మోతాదు ఎక్కువైతే మంచు సూదుల్లా పెరిగి తోడులోని బ్యాక్టీరియా కణాలనే పొడుస్తుంది!

ఆ ప్రోటీన్ అసలు బలం, చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవి కాకుండా ఆపడం. మీ తోడుకు చేటు చేసింది బహుశా ఆ పెద్ద స్ఫటికాలే. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పెరుగు కొంత కరిగి, మళ్లీ గడ్డకట్టి ఉంటుంది.

(అంటార్కిటికా సరస్సులోని మారినోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇలాంటి ప్రోటీన్‌తోనే మంచు అడుగున వేలాడుతుంది. చలికి భయపడి కాదు, పైన దొరికే ఆక్సిజన్ కోసమని శాస్త్రవేత్తల భావన.)

ప్రయోగశాలల్లో తోడు బ్యాక్టీరియాకు గ్లిసరాల్ (చిక్కటి తియ్యని ద్రవం) కలిపి మైనస్ 80 డిగ్రీల్లో దాస్తారు. ఇంట్లో అయితే తాజా పెరుగులో పాలపొడి, చిటికెడు చక్కెర కలిపి, చిన్న గిన్నెల్లో ఫ్రీజర్ లోపలి మూలన పెట్టండి. ఫ్రిజ్ కింది అరలో కరిగించి, గోరువెచ్చని పాలలో మామూలు కంటే రెట్టింపు వేయండి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.